పొగ ఇంట్లోకే ఎందుకు వచ్చిందంటే

మల్కాజిగిరిలో మా డాబా మీద రేకుల గదిలో చిన్న ఇనుప కట్టెల పొయ్యి ఉంది. డిసెంబరు చలికి వేణ్నీళ్లు దాని మీదే. ఈసారి వెలిగిస్తే పొగంతా లోపలికే వచ్చింది. చల్లారాక గొట్టం విప్పి చూస్తే తారులాంటి నల్ల మసి, సగం మూసుకుపోయింది. తప్పు నాదే, వానలకు తడిసిన తుమ్మ కట్టెలు కాల్చాను. తడి కట్టె సరిగా మండదు, ఆ పొగ గొట్టంలో చల్లబడి జిగురులా పేరుకుంటుంది. దానికి నిప్పంటుకుంటే గొట్టంలోనే మంట! వైర్ బ్రష్‌తో గీకాను. చొక్కా పాడైంది, అమ్మ తిట్లు అదనం. ఇప్పుడు చీల్చి ఎండబెట్టినవే వాడుతున్నా. కిటికీ తెరిచే ఉంచుతా, పొగలో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు కదా, అదే టెన్షన్. బూడిదను మూత ఉన్న ఇనుప బకెట్లోకే ఎత్తుతా. మొన్నొకసారి మర్నాడు బూడిద కదిపినా లోపల నిప్పు కనిపించింది.