గ్యాంగ్‌స్టర్ రివెంజ్ నవల చదివేటప్పుడు ఒక చీటీ పెట్టుకోండి

ఇంగ్లీషులో క్రైమ్ నవలలు చదవడం మొదలుపెట్టిన వాళ్లకి ఒక చిన్న చిట్కా చెప్తాను, నాకు బాగా పనికొచ్చింది. టెడ్ లూయిస్ రాసిన జాక్స్ రిటర్న్ హోమ్ ఉంది కదా, 1970లో వచ్చింది, మరుసటి ఏడాదే మైఖేల్ కెయిన్‌తో గెట్ కార్టర్ అని సినిమా తీశారు, ఆ నవల మొదటిసారి సగంలో వదిలేశాను ఎందుకంటే ఎవడు ఎవడి మనిషో అస్సలు గుర్తుండలేదు. లండన్ గ్యాంగ్‌లో పనిచేసే జాక్, తన అన్న అంత్యక్రియలకి సొంతూరు వస్తాడు, కారు యాక్సిడెంట్ అంటారు, వాడు నమ్మడు, ఇక ఊరంతా తిరిగి ఒక్కొక్కడినీ అడుగుతాడు, ప్రతివాడూ ఏదో దాస్తాడు.

రెండోసారి బుక్‌మార్క్‌గా ఒక పొడుగు కాగితం పెట్టుకుని, పేరు, ఎవరి కింద పనిచేస్తున్నాడు, జాక్‌కి ఏం చెప్పాడు, ఈ మూడే రాసుకుంటూ పోయాను. మూడోదే ముఖ్యం అండి, దాన్ని మాత్రం వదలొద్దు, తర్వాత ఇంకొకడు వేరేగా చెప్పినప్పుడు వెనక పేజీలు తిప్పక్కర్లేదు, అబద్ధం ఎక్కడుందో చీటీలోనే దొరికిపోతుంది. కథంతా జాక్ నోటితోనే నడుస్తుంది కాబట్టి వాడికి తెలిసిందే మనకీ తెలుస్తుంది, అందుకే ఈ లెక్క అంత బాగా కుదిరింది. బ్రిటిష్ యాస మాటలకి మాత్రం ప్రతిసారీ డిక్షనరీ తియ్యకండి, ఊపు పోతుంది. సినిమా తర్వాత చూడండి, అందులో కథని ఇంగ్లాండ్‌లోని న్యూకాజిల్ నగరానికి మార్చేశారు.