హిమాలయ ట్రెక్‌కి బ్యాగు సర్దుతున్నారా? జాకెట్ మాత్రం మ్యూల్ మీద ఎక్కించొద్దు

2024 జూన్ మొదటి వారంలో ఉత్తరాఖండ్‌లోని సహస్రతాల్ ట్రెక్‌లో మంచు తుఫానుకు చిక్కి 9 మంది చనిపోయారు. 22 మంది ఉన్న ఆ బృందంలో ఎక్కువమంది కర్ణాటకవాళ్లు. జూన్ అంటే ఇక్కడ మనం రోహిణి కార్తె వేడికి ఇంకా ఆపసోపాలు పడుతూ ఉండే రోజులు. ఆ ఊపులోనే బ్యాగు సర్దుతాం కాబట్టి చలి సంగతి బుర్రకెక్కదు.

మళ్లీ సెలవులు వస్తున్నాయి. హర్ కీ దూన్, హంప్టా పాస్ అంటూ ఆఫీసు గ్రూపుల్లో ప్లాన్లు మొదలయ్యే ఉంటాయి. కొత్త బూట్లతో వెళ్లొద్దు, నీళ్లు బాగా తాగండి లాంటివి మీకు తెలిసినవే, వదిలేస్తున్నా.

మనవాళ్లు చాలామంది పెద్ద బ్యాగు మ్యూల్‌కి, అంటే సామాను మోసే కంచర గాడిదకి, అప్పగించి చిన్న బ్యాగుతో నడుస్తారు. దాన్నే ఆఫ్‌లోడింగ్ అంటారు. అందులో తప్పేం లేదు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అదే మంచిది కూడా. చిక్కంతా ఆ చిన్న బ్యాగులో నీళ్ల సీసా, ఫోను, రెండు చిక్కీలు తప్ప ఇంకేం లేకపోవడంతో వస్తుంది. పొద్దున ఎండ కాస్తుంటుంది. పది నిమిషాలు నడిస్తే చెమట. "జాకెట్ ఇప్పుడెందుకు, సాయంత్రం క్యాంపులో వేసుకుందాంలే" అని మూటలో పడేస్తారు. మ్యూల్ మీ పక్కనే నడవదు. మీకంటే చాలా ముందే క్యాంపుకు చేరిపోతుంది, కొన్నిచోట్ల దాని బాటే వేరు. మధ్యాహ్నం మబ్బు పట్టి వడగళ్లు మొదలయ్యేసరికి మీ జాకెట్ టార్పాలిన్ కింద పొడిగా, భద్రంగా ఉంటుంది. మీరు తడుస్తుంటారు.

ప్రాణం మీదికి వచ్చేది అలా తడిసినప్పుడే. అందుకు సున్నా డిగ్రీలే అక్కర్లేదు. ఏడెనిమిది డిగ్రీల్లో తడి బట్టలతో గాలికి నిలబడినా ఒంట్లో వేడి లాగేసుకుపోతుంది. ముందు వణుకు వస్తుంది, తర్వాత మాట తడబడుతుంది, వేళ్లు జిప్ కూడా లాగలేవు. మనిషి తేరుకోకుండానే వణుకు ఆగిపోతే తగ్గిందని సంబరపడకండి, ముదిరిందని అర్థం.

కాబట్టి మీ భుజం మీదే ఉండాల్సినవి ఇవి: రెయిన్ కోటు, ప్యాంటుతో సహా. వెచ్చని జాకెట్, ప్లాస్టిక్ కవర్లో చుట్టి. గ్లవ్స్, మంకీ క్యాప్, ఒక జత పొడి సాక్సులు. తలకు కట్టుకునే టార్చ్. అన్నీ కలిపినా రెండు కిలోలకు కాస్త అటూ ఇటూ. పాస్ (కొండల మధ్య కనుమ) దాటే రోజైనా, శిఖరం ఎక్కే రోజైనా, "ఈరోజు నడక తక్కువే" అన్న రోజైనా ఇవి మ్యూల్ మీదికి వెళ్లకూడదు.

బరువు తగ్గాలంటే తీయాల్సినవి వేరే ఉన్నాయి. జీన్స్ తీసేయండి, తడిస్తే మర్నాటికి కూడా ఆరదు. నడిచేటప్పుడు కాటన్ టీ షర్టు కూడా వద్దు, చెమట పీల్చి ఒంటికి అంటుకుని ఉంటుంది. నడవడానికి రెండు జతలు, పడుకోవడానికి ఒక పొడి జత చాలు. ఆవకాయ గాజు సీసాతో సహా మోసుకొచ్చే మహానుభావులున్నారు. నాలుక ఊరుకోదంటే కందిపొడి చిన్న ప్యాకెట్ తెచ్చుకోండి, అందరికీ పెట్టండి. ఫొటోల కోసం తెచ్చే పట్టుచీరల గురించి నేనేం మాట్లాడను.

ఇక మిగిలినవి వరసగా చెప్పేస్తా.

పవర్ బ్యాంకు విమానంలో చెకిన్ బ్యాగులో పెట్టొద్దు, చేతి బ్యాగులోనే ఉండాలి. గ్యాస్ క్యాన్ ఏ బ్యాగులోనూ వద్దు.

రాత్రిళ్లు ఫోను, బ్యాటరీలు స్లీపింగ్ బ్యాగులో మీతోనే ఉంచుకోండి. చలికి చార్జింగ్ పడిపోతుంది.

మంచులో నల్లకళ్లద్దాలు తీయొద్దు, మబ్బుగా ఉన్నా సరే.

ఎత్తు పడక వచ్చే జబ్బుకు వాడే డయామాక్స్ మాత్ర డాక్టర్ని అడగకుండా వేసుకోవద్దు. సల్ఫా మందులు పడనివాళ్లయితే ఆ సంగతి ముందే చెప్పండి.

బీపీ, షుగర్ మాత్రలు కూడా చిన్న బ్యాగులోనే.

పడుకునే పొడి జత పగలు వేసుకోవద్దు, ఎంత చలేసినా. అదీ తడిసిపోతే రాత్రికి ఇంకేం మిగలదు.

ఎవరైనా వణుకుతూ తడబడుతుంటే ముందు తడి బట్టలు మార్పించండి, స్లీపింగ్ బ్యాగులో పెట్టండి. మెలకువగా ఉండి మింగగలిగితే వేడిగా తియ్యటిది ఏదైనా తాగించండి. బ్రాందీ మాత్రం పోయొద్దు. వెచ్చగా అనిపిస్తుంది కానీ ఒంట్లో ఉన్న కాస్త వేడీ చర్మం గుండా బయటికి పోతుంది.

పొద్దున మ్యూల్స్ కదలకముందే పక్కవాళ్ల బ్యాగు తెరిపించి చూడండి. జాకెట్ లేదా? మూట దింపించండి. మ్యూల్ అబ్బాయి విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.

లీడర్ వెనక్కి తిరగమంటే తిరగండి. డబ్బు కట్టామని వాదన పెట్టుకోవద్దు.