స్కోప్ వీడియో ఎలా చేయాలి? నల్లపట్టీలు అతికించకుండా

కృష్ణానగర్‌లో షార్ట్ ఫిల్మ్ అయినా, శంషాబాద్ ఫంక్షన్ హాల్లో పెళ్లి అయినా, కెమెరా ఆన్ చేసేముందే ఒకటి తేల్చుకోండి: ఈ వీడియో ఏ తెర మీద ఆడుతుంది?

టీవీకి, యూట్యూబ్‌కి 16:9 (వెడల్పు 16 పాళ్లు, ఎత్తు 9 పాళ్లు) హాయిగా సరిపోతుంది. థియేటర్‌కైతే ఫ్లాట్ 1.85 (వెడల్పు ఎత్తుకి 1.85 రెట్లు), లేదంటే ఇంకా వెడల్పైన స్కోప్ 2.39. పెళ్లిలో ఎల్‌ఈడీ వాల్ పెడుతుంటే దాని కొలత ముందే అడగండి. 12 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు ఉన్న వాల్ మీద 16:9 బొమ్మ 6.75 అడుగుల ఎత్తు వస్తుంది. స్కోప్ బొమ్మ 5 అడుగులే. మిగతా 3 అడుగులూ నలుపే కాబట్టి అక్కడ స్కోప్ వద్దు.

స్కోప్ తీయాలంటే మానిటర్‌లో 2.39 గైడ్ (ఫ్రేమ్ హద్దులు చూపే గీతలు) ఆన్ చేయండి. కెమెరా 16:9లోనే రికార్డు చేస్తుంది. ఎత్తులో ఉండే 1080 పిక్సెల్ లైన్లలో మీకు దక్కేవి 804. పైన 138, కింద 138 పోతాయి. చార్మినార్ ముందు నిలబడ్డ మనిషిని గైడ్ లేకుండా తీస్తే మినార్ల కొసలు తెగిపోతాయి. మీరు వెనక్కి జరగండి, మనిషిని కెమెరా దగ్గరికి రమ్మనండి.

ఎడిటింగ్‌లో క్లిప్‌లు పేర్చే టైమ్‌లైన్‌నే 1920×804కి పెట్టండి, 4కె అయితే 3840×1608. క్లిప్‌ను వెడల్పుకి సరిపెట్టి, తల మీద ఖాళీ చూసుకుంటూ ఒక్కో షాట్‌నూ పైకో కిందికో జరపండి. లెక్క ప్రకారం ఎత్తు 803 దగ్గర తేలుతుంది, కానీ బేసి సంఖ్య వేయకూడదు. మామూలు హెచ్.264 (వీడియోను కుదించే పద్ధతి) వీడియోలో రెండు బై రెండు పిక్సెళ్లకు కలిపి ఒకే రంగు సమాచారం ఉంటుంది. అందుకే చాలా ఎన్‌కోడర్లు (వీడియోను అలా కుదించే సాఫ్ట్‌వేర్లు) బేసి కొలత ఇస్తే ఎర్రర్ చూపిస్తాయి.

16:9 టైమ్‌లైన్ మీద నల్లపట్టీలు పరిచి ఎక్స్‌పోర్ట్ చేయడం చాలామందికి అలవాటు. దయచేసి మానేయండి. ఆ నలుపు కూడా బొమ్మలో భాగమైపోతుంది. 20:9 ఫోన్‌లో పక్కల ఇంకో రెండు పట్టీలు చేరి, నాలుగు వైపులా నలుపు మధ్య బొమ్మ కుంచించుకుపోతుంది. అసలైన 2.39 ఫైల్ ఇస్తే ఆ తెర వెడల్పంతా నిండుతుంది.

పాత 4:3 డీవీ క్యాసెట్ బొమ్మ కలపాలంటే సాగదీయకండి, ముఖాలు మూడోవంతు లావెక్కుతాయి. 16:9 (1920×1080) టైమ్‌లైన్‌లో 1440×1080గా ఉంచి, పక్కల 240 చొప్పున వదిలేయండి.

థియేటర్ కోసం 2కె డీసీపీ (థియేటర్ ప్రొజెక్టర్‌కి ఇచ్చే డిజిటల్ సినిమా ప్యాకేజీ) చేయిస్తే స్కోప్‌కి 2048×858, ఫ్లాట్‌కి 1998×1080. ఏది కావాలో ల్యాబ్‌కి రాతపూర్వకంగా చెప్పండి. స్కోప్ బొమ్మను పట్టీలతో ఫ్లాట్ డీసీపీలో పెడితే, స్కోప్ తెర ఉన్న హాల్లో అది మధ్యలో చిన్నగా పడుతుంది.