హెయిరీ రూట్స్ పాఠాలు – 4: పుట్రెసిన్ వేసి తూచడం

పోయిన పాఠంలో ఉమ్మెత్త ఆకుకి సూదితో గాట్లు పెట్టి, ఆగ్రోబాక్టీరియం రైజోజీన్స్ అనే బాక్టీరియాని అంటించి, తర్వాత సెఫోటాక్సిమ్ అనే యాంటీబయాటిక్‌తో ఆ బాక్టీరియాని వదిలించుకున్నాం. ఈపాటికి మీ ఫ్లాస్కులో తెల్లటి వేళ్లు గుబురుగా అల్లుకుని ఉండాలి, హెయిరీ రూట్స్ అంటే ఇవే. వీటికి పుట్రెసిన్ అనే పదార్థం వేస్తే పెరుగుదల నిజంగా పెరుగుతుందా అని ఈ పాఠంలో తూచి చూద్దాం. హార్మోను చుక్క వెయ్యకుండానే అవి అలా పెరుగుతున్నాయంటే, బాక్టీరియా తన ప్లాస్మిడ్ (విడిగా ఉండే డీఎన్ఏ చుట్ట) నుంచి పంపిన, వేళ్లు పుట్టించే రోల్ జన్యువులు పని మొదలెట్టాయన్నమాట. శ్రీకాకుళంలో నాగావళి గట్టున ఊరికే మొలిచే మొక్క కదా అని ఉమ్మెత్తని ఎంచుకోలేదు. దాని వేరు పుట్రెసిన్‌ని ఖర్చు పెట్టే తీరు పాఠానికి బాగా పనికొస్తుంది. చేతులు మాత్రం సబ్బుతో కడుక్కోండి, విషపు మొక్క.

పుట్రెసిన్ అంటే నాలుగు కార్బన్ల గొలుసు, రెండు కొసల్లోనూ అమైన్ (నైట్రోజన్ ఉన్న ముక్క). కణం దీన్ని ఆర్నిథిన్ అనే అమైనో ఆమ్లం నుంచి ఒకే అంగలో చేసుకోగలదు, ఆర్జినిన్ అనే మరో అమైనో ఆమ్లం నుంచి అగ్మటిన్ మీదుగా చుట్టు తిరిగీ చేసుకోగలదు. పుట్రెసిన్‌కి అమైనోప్రొపైల్ ముక్క అతుక్కుంటే స్పెర్మిడిన్, మరో ముక్క అతుక్కుంటే స్పెర్మిన్. స్పెర్మిడిన్ లేకపోతే కణ విభజన జరగదు. ఆ ముక్క వచ్చేది ఎస్-అడినోసిల్ మెథియోనిన్ నుంచి, ఎథిలిన్ అనే వాయు హార్మోను పుట్టేదీ దాన్నుంచే. నారాయణపురం ఆనకట్ట దగ్గర నాగావళి నీరు కుడి కాలువకీ ఎడమ కాలువకీ చీలినట్టు అనుకోండి. అయితే ఒక తూము దించేస్తే రెండో కాలువ నిండిపోతుందని లెక్కలు వెయ్యకండి. కణం లస్కరు మాట వినదు.

ఉమ్మెత్త వేరులో ఇంకో పాయ కూడా ఉంది. పుట్రెసిన్‌కి మిథైల్ తగిలితే అది హయోసయమిన్ అనే ఉమ్మెత్త విషం తయారీ వైపు వెళ్లిపోతుంది. కొంత పుట్రెసిన్‌ని డైఅమైన్ ఆక్సిడేజ్ అనే ఎంజైము విరగ్గొడుతుంది, అప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. అది ఎక్కువైతే వేరుకే చేటు. అంచేత పుట్రెసిన్ వేస్తే పెరుగుదల వస్తుందని ముందే తీర్మానించుకుని ల్యాబ్‌లోకి అడుగుపెట్టకండి.

ఇక పని. పుట్రెసిన్ డైహైడ్రోక్లోరైడ్ కొనండి. విడి పుట్రెసిన్ కంపు కొడుతుంది, పైగా మీడియం పీహెచ్‌ని ఎత్తేస్తుంది. 161 మిల్లీగ్రాములు తూచి 10 మిల్లీలీటర్ల నీళ్లలో కరిగిస్తే 100 మిల్లీమోలార్ స్టాకు. 0.22 మైక్రాన్ ఫిల్టరు గుండా వడకట్టండి. 50 మిల్లీలీటర్ల మీడియంలో 0.5 మిల్లీలీటర్లు వేస్తే ఇంచుమించు 1 మిల్లీమోలార్. కంట్రోల్ ఫ్లాస్కుల్లో (పుట్రెసిన్ వెయ్యనివి) అంతే స్టెరైల్ నీరు పొయ్యాలి, చాలామంది మరిచిపోయేది ఇదే. సగం బలం ఎంఎస్ (మురషిగే-స్కూగ్) మీడియం, 3 శాతం చక్కెర, పీహెచ్ 5.8, చీకటి, 25 డిగ్రీలు, షేకర్ నిమిషానికి 90 తిప్పులు. ఒక్కో ఫ్లాస్కులో 0.2 గ్రాముల వేరు కొసలు, ఒక్కో రకానికి కనీసం ఐదు ఫ్లాస్కులు.

14వ రోజున తీసి, వేళ్లని వడపోత కాగితం మీద అద్ది తూచండి. లెక్క నేర్చుకోవడానికి నేనే కొన్ని అంకెలు వేస్తున్నాను. కంట్రోల్ 1.6 గ్రాములకి వచ్చిందనుకుందాం. 0.2 నుంచి 1.6 అంటే 8 రెట్లు, అంటే మూడుసార్లు రెట్టింపు. 14ని 3తో భాగిస్తే రెట్టింపు కాలం 4.7 రోజులు. పుట్రెసిన్ ఫ్లాస్కు 2.0 గ్రాములకి వచ్చిందనుకుందాం. 10 రెట్లు. 10కి సహజ లాగరిథమ్ 2.303, దాన్ని 14తో భాగిస్తే రోజుకి 0.164. 2కి సహజ లాగరిథమ్ 0.693, దాన్ని దీంతో భాగిస్తే 4.2 రోజులు. గెలిచేశాం అనిపిస్తుంది. ఆగండి. 60 డిగ్రీల ఓవెన్‌లో బరువు ఇక తగ్గనంత వరకూ ఎండబెట్టి మళ్లీ తూచితే కంట్రోల్ 0.128 గ్రాములు, పుట్రెసిన్‌ది 0.130 అనుకుందాం. పెరిగిందల్లా నీరే. పచ్చి బరువు ఒక్కటే రాసి ఊరుకున్న రికార్డు పుస్తకం నా దగ్గరికొస్తే సంతకం పెట్టను.

2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి కరెంటు పోయినప్పుడు నేనే బోల్తాపడ్డాను. కంట్రోల్ ఫ్లాస్కులున్న షేకర్ జనరేటర్ లైను మీద ఉంది, పుట్రెసిన్‌వి ఉన్న షేకర్ మామూలు లైను మీద. తిరగడం ఆగిపోయి, గాలందక, గుబురు మధ్యన వేళ్లు గోధుమరంగుకి తిరిగాయి. పుట్రెసిన్ విషమైందని రెండు పేజీలు రాసేశాను! ఏ షేకర్ ఏ లైను మీద ఉందో చెప్పింది ల్యాబ్ అటెండరు. అప్పట్నుంచి అన్ని రకాలూ ఒకే షేకర్ మీద కలగలిపి పెడుతున్నాను.

పుట్రెసిన్ వేస్తే ఎండు బరువు కూడా పెరిగిందా? అది సగం సాక్ష్యమే. మిగతా సగానికి, కణం పుట్రెసిన్‌ని సొంతంగా చేసుకునే దారులు మూసి చూడాలి. ఆర్నిథిన్ దారికి డీఎఫ్ఎంఓ అనే మందు, ఆర్జినిన్ దారికి డీఎఫ్ఎంఏ అనే మందు అడ్డు. ఒక్కటే మూస్తే రెండోది ఆదుకోవచ్చు, కాబట్టి రెండూ వెయ్యండి. అలా నాలుగు రకాల ఫ్లాస్కులు: ఏమీ లేనిది, పుట్రెసిన్, రెండు అడ్డులూ, అడ్డులతో పాటు పుట్రెసిన్. మూడో రకంలో వేరు కుంటుపడి, నాలుగోదాంట్లో కోలుకుంటే అప్పుడు నోరు విప్పండి. నాలుగోది కూడా కుంటుపడితే ఆ మందుల విషమే కావచ్చు.

తూచడం అయ్యాక మిగిలిన ద్రవాన్ని, వేళ్లని ఆటోక్లేవ్ చెయ్యకుండా సింకులో పొయ్యొద్దు. ఒక్కో ఫ్లాస్కు నుంచి అర గ్రాము పచ్చి వేరు మాత్రం ఎండబెట్టకుండా డీప్ ఫ్రీజర్‌లో దాచండి. దాన్ని అయిదో పాఠంలో చల్లటి 5 శాతం పెర్క్లోరిక్ ఆమ్లంలో నూరి, లోపల పుట్రెసిన్ ఎంత, స్పెర్మిడిన్ ఎంత ఉందో చూద్దాం.