పంక్చర్ లేదంటారు, గాలి మాత్రం దిగిపోతుంది: ఊరికి బయల్దేరే ముందు టైర్ల సంగతి

బెంగళూరు నుంచి అనంతపురం, కర్నూలు, హైదరాబాద్ వైపు కారులో బయల్దేరే మనవాళ్లు ఇంజిన్ ఆయిల్ చూస్తారు, ఏసీ చూస్తారు, ఫాస్టాగ్‌లో డబ్బులున్నాయో లేదో చూస్తారు. టైర్లలో గాలి మాత్రం దేవనహళ్లి దాటాక ఏదో ఒక బంకులో చూపిస్తారు. అప్పటికి టైరు వేడెక్కి ఉంటుంది, గేజ్ మూడు నాలుగు పాయింట్లు (పీఎస్ఐ) ఎక్కువ చూపిస్తుంది. బంకు కుర్రాడు ఆ ఎక్కువను తీసేస్తాడు. అంటే అసలు ఉండాల్సిన దానికంటే తక్కువ గాలితో, నిండా మనుషులతో, ఎండలో హైవే ఎక్కుతారు. దయచేసి ఇంటి దగ్గరే, పొద్దున్నే, బండి కదపక ముందు చూడండి. ఎంత ఉండాలో చాలా కార్లలో డ్రైవర్ డోర్ తెరిస్తే స్టిక్కర్ మీద కనిపిస్తుంది. సామానుతో నిండా వెళ్లేటప్పటి అంకె వేరుగా ఇస్తారు, అదీ చూడండి. టైరు గోడ మీద ఉండేది గరిష్ఠ పరిమితి. దాన్ని చూసి గాలి కొట్టించకూడదు.

ఇది బయల్దేరే రోజు పెట్టుకునే పని కాదు, వారం ముందు మొదలుపెట్టాలి. ఆదివారం పొద్దున నాలుగు టైర్ల అంకెలూ రాసిపెట్టుకుని, బుధవారం పొద్దున మళ్లీ చూడండి. నాలుగింటిలోనూ ఒక్కో పాయింటు తగ్గితే అది చలి ప్రభావం. ఒక్కటే మిగతావాటికంటే ఎక్కువ తగ్గితే అది లీకు.

సమస్య: ఒక్క టైరులోనే గాలి తగ్గుతోంది, పంక్చర్ మాత్రం దొరకడం లేదు

మా కారుకి ఇదే జరిగింది. వెనక ఎడమ టైరు, వారానికి నాలుగు పాయింట్లు దిగేది. మారతహళ్లి వైపు మూడు షాపులు తిరిగాను. టైరంతా తిప్పి సబ్బు నీళ్లు పోశారు. వేలు తడి చేసి వాల్వ్ నోటి మీద పెట్టి చూశారు. బుడగ రాలేదు. "పంక్చర్ లేదు సార్, గాలి పెట్టుకుని వెళ్లండి" అన్నారు. ఆ మాట నమ్మి మే నెలలో అమ్మనీ పిల్లల్నీ ఎక్కించుకుని అనంతపురం బయల్దేరాను. పెనుకొండ దాటాక బండి వెనక ఒక పక్కకి కుంగినట్టు అనిపించింది. దిగి చూస్తే టైరు పూర్తిగా కూర్చుంది, రిమ్ము కింద నలిగి గోడ నుంచి నల్లటి పొడి రాలుతోంది. అలా నలిగిన టైరుకి మళ్లీ గాలి కొట్టి నడపకూడదు. మిట్టమధ్యాహ్నం, పక్క నుంచి లారీలు దూసుకుపోతుంటే, అమ్మని దూరంగా చెట్టు నీడలో కూర్చోబెట్టి స్టెప్నీ వేశాను. తర్వాత షాపులో టైరు విప్పితే మేకూ లేదు, చీలికా లేదు. వాల్వ్ మొదట్లో, రిమ్ము రంధ్రాన్ని ఆనుకుని, రబ్బరు చుట్టూ వెంట్రుకంత పగులు.

కారణం ఇది. మామూలు వాల్వ్ కాడ రబ్బరుది. ఎండకీ ఏళ్లకీ అది గట్టిపడి మొదట్లో పగులుతుంది. బండి ఆగి ఉన్నప్పుడు ఆ పగులు మూసుకునే ఉంటుంది. చక్రం వేగంగా తిరిగేటప్పుడు కాడ బయటి వైపుకి వంగుతుంది, పగులు తెరుచుకుంటుంది. ఊళ్లో సిగ్నల్ నుంచి సిగ్నల్‌కి తిరిగితే వారానికి నాలుగు పాయింట్లు పోయేది, హైవే మీద గంటల తరబడి వంద వేగంలో ఒక్కసారిగా దిగిపోతుంది. షాపులో దొరకకపోవడానికీ కారణం ఇదే. వాళ్లు వాల్వ్ నోరు చూస్తారు, మొదలు చూడరు. క్యాప్ బదులు బిగించే, గాలి ఎంతుందో చూపే సెన్సర్లు రబ్బరు వాల్వ్‌కి పెట్టుకున్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఆ బరువంతా కాడ మీదే పడుతుంది.

ఎలా పట్టుకోవాలి? వాల్వ్ మొదట్లో చిక్కటి సబ్బు నీళ్లు పోసి, కాడని బొటనవేలితో మెల్లగా నాలుగు వైపులకీ వంచండి. ఏదో ఒక వైపుకి వంచినప్పుడు ఆవగింజంత బుడగలు వరసగా వస్తాయి, వదిలితే ఆగిపోతాయి. బుడగ రాకపోయినా రబ్బరు మీద సన్నటి గీతలు కనిపిస్తే మార్చేయండి. వంచకుండానే నోటి దగ్గర బుడగ వస్తే లోపలి పిన్ వదులైంది, బిగించినా ఆగకపోతే పిన్ మార్చితే చాలు.

పరిష్కారం కొత్త వాల్వ్. టైరుని రిమ్ము అంచు నుంచి దించాలి కాబట్టి ఇంట్లో అయ్యే పని కాదు. ఒకటి పగిలిందంటే మిగతావీ అదే వయసువి, స్టెప్నీతో కలిపి ఐదూ మార్పించండి. వాల్వ్ ఖరీదు చాలా తక్కువ. కొత్త టైర్లు వేయించేటప్పుడు పాత వాల్వ్‌లే ఉంచేస్తామంటే ఒప్పుకోవద్దు, దగ్గరుండి మార్పించండి. లీకు ఆపే ద్రవం పోస్తామంటారు. అది మేకు రంధ్రానికి పనికొస్తుంది కానీ, వంగే రబ్బరు పగులుకి దాన్ని నమ్ముకోకండి.

మిగతావి

ఎనభై దాటితే స్టీరింగ్ వణుకుతోందా? మొదట బ్యాలెన్సింగ్ చూపించండి, రిమ్ముకి అతికించిన బరువు ముక్క ఊడిపోయి ఉండొచ్చు. బండి ఒక పక్కకి లాగుతోందా? అలైన్‌మెంట్‌కి డబ్బు కట్టకముందే, ముందువైపు టైర్లు రెండింటిలో గాలి సమానంగా ఉందో లేదో చూడండి. గుంతలో పడ్డాక గోడ ఉబ్బితే మరమ్మతు లేదు, ఆ టైరు తీసేయాలి. వాల్వ్ బాగుండి, టైరూ బాగుండి గాలి దిగుతుంటే అల్లాయ్ రిమ్ము అంచు తుప్పు పట్టి ఉంటుంది, రుద్ది శుభ్రం చేయిస్తే సరిపోతుంది.

టైరు గోడ మీద డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. స్టెప్నీ మీద కూడా చదవండి, గాలి కూడా చూడండి. సన్నగా ఉండే తాత్కాలిక స్టెప్నీ అయితే ఎంత గాలి కావాలో దాని మీదే రాసి ఉంటుంది, మామూలు టైరు కంటే చాలా ఎక్కువ. అది వేశాక ఎనభై దాటకూడదు. జాకీ, స్పానర్ డిక్కీలో సామాను కింద కాకుండా చేతికి అందేలా పెట్టుకోండి.