ఆన్‌లైన్‌లో టూరిస్ట్ వీసాకు అప్లై చేసే ముందు

ముందు పాస్‌పోర్ట్ గడువు చూడండి. చాలా దేశాలు కనీసం 6 నెలలు మిగిలి ఉండాలంటాయి. ఖాళీ పేజీలూ ఉండాలి.

సైట్ అసలుదేనా? గూగుల్‌లో మొదట కనిపించేవి చాలాసార్లు ప్రకటనలే. అచ్చం ప్రభుత్వ సైట్‌లా ముస్తాబై, అదనంగా ఫీజు గుంజే ఏజెంట్లవి. ఆ దేశ ఎంబసీ సైట్‌లో ఉన్న లింకు పట్టుకుని వెళ్లడమే మేలు.

ఎక్కువ తప్పులు దొర్లేది పేరు దగ్గర. మీరు రోజూ రాసుకునేది కాదు, పాస్‌పోర్ట్‌లో ఉన్నదే పొల్లుపోకుండా కొట్టాలి. ఇంటిపేరు గడి, పేరు గడి తారుమారు కాకూడదు. పాస్‌పోర్ట్ నంబరులో ఉన్నది సున్నానా, ‘ఓ’ అక్షరమా? తేదీతోనూ తంటానే: 04/05 అంటే కొన్నిచోట్ల మే 4, అమెరికా పద్ధతిలో ఏప్రిల్ 5.

ఫొటో అమెరికాకైతే 2 అంగుళాల చదరం, షెంజెన్‌కు (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) 35×45 మిల్లీమీటర్లు. ఒకటే అన్నిటికీ పనికొస్తుందనుకోవద్దు.

అమెరికా వీసాకు ఆన్‌లైన్‌లో నింపే డీఎస్-160 ఫారం కాసేపు వదిలేస్తే లాగౌట్ అయిపోతుంది. అప్లికేషన్ ఐడీ మొదటే రాసిపెట్టుకుని, పేజీ పేజీకీ సేవ్ చేయండి.

షెంజెన్‌కు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు; కనీసం 15 రోజుల ముందైనా చేయాలి. కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి.

వీసా రాకముందే రిఫండ్ లేని టికెట్లు కొనొద్దు. వీసా ఫీజు కూడా సాధారణంగా వెనక్కి రాదు. పేమెంట్ మధ్యలో పేజీ ఆగిపోతే టెన్షన్‌లో మళ్లీ నొక్కేయకండి, ముందు బ్యాంకు మెసేజ్ చూడండి.