కోడ్ పూర్తయ్యాక కాదు, మొదలుపెట్టిన రోజే చూపించండి

ఒక ఫీచర్ మీ ఒక్కరికే అప్పజెప్పారనుకోండి. చాలామంది వారమంతా తలుపులేసుకున్నట్టు కూర్చుని, అంతా అయ్యాక ఒకేసారి రివ్యూకి పంపుతారు. నలభై ఫైళ్ల మార్పులు చూడగానే అవతలివాళ్లకి నీరసం వస్తుంది, పైపైన చూసి "బాగుంది" అనేస్తారు. లేదంటే డిజైనే మార్చమంటారు. అది ఇంకా కష్టం.

దానికి బదులు, మొదటి కమిట్ (అంటే నమోదు చేసిన మార్పు) పడగానే డ్రాఫ్ట్ పుల్ రిక్వెస్ట్ తెరవండి. అంటే, ఇంకా పూర్తికాలేదన్న గుర్తుతోనే మీ మార్పుల్ని టీమ్ ముందు పెట్టడం. టీములు కోడ్ ఉంచి కలిసి పనిచేసుకునే వెబ్‌సైట్ గిట్‌హబ్‌లో ఇది 2019లో వచ్చింది. డ్రాఫ్ట్‌లో ఉన్నంతసేపూ దాన్ని ఎవరూ మెర్జ్ చేయలేరు (అసలు కోడ్‌లో కలపలేరు), కోడ్ ఓనర్లకి (ఆ భాగం కోడ్‌కి బాధ్యులకి) రివ్యూ రిక్వెస్టులూ వాటంతట అవి వెళ్లవు. కాబట్టి సగం కోడ్ పెట్టామే అన్న టెన్షన్ అక్కర్లేదు. వివరణలో మాత్రం "ఒకసారి చూడండి" అని వదిలేయకండి. "ఉన్న టేబుల్‌లోనే కొత్త కాలమ్ పెట్టాలా, వేరే టేబుల్ కావాలా? ఇదొక్కటి చెప్పండి చాలు. పేర్లూ టెస్టులూ ఇంకా సర్దలేదు" అని రాయండి. సీనియర్లు టీ తాగేలోపు జవాబిచ్చేస్తారు.

ఆ జవాబు వచ్చాక మిగతాది హాయిగా ఒక్కరే రాసుకోండి. రోజంతా ఇద్దరు ఒకే స్క్రీన్ ముందు కూర్చోవడం నా దృష్టిలో దండగ. చిక్కుముడి పడ్డ చోట ఓ గంట కలిసి కూర్చుంటే సరిపోతుంది. అలా కలిసి రాసిన కమిట్ మెసేజ్ చివర ఒక ఖాళీ లైను వదిలి, "Co-authored-by: పేరు <ఈమెయిల్>" అన్న పద్ధతిలో రెండోవారి పేరు, ఈమెయిల్ రాయండి. గిట్‌హబ్ ఇద్దరి పేర్లూ చూపిస్తుంది. ఆ ఈమెయిల్ వాళ్ల గిట్‌హబ్ ఖాతాలో ఉన్నదే అయ్యుండాలి.